అరువు వేళ్ళు

చామరాజపేట నాలుగో మెయిన్‌లో
పాత సైకిల్ షాపు మీద మా వైద్యశాల.
మెట్లు పద్దెనిమిది. పదకొండోది ఊగుతుంది.
దాని చప్పుడు విని మార్తాండయ్యగారు
వచ్చేదెవరో, నొప్పి ఏ మోకాలిదో చెప్పేసేవారు.
కల్వంలో శొంఠి నూరుతూ నేను నవ్వుకునేదాన్ని.
బాగేపల్లి నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళు,
ఎనిమిదో క్లాసు తప్పినదాన్ని.
నాకు తెలిసిన శాస్త్రం
నూరడం, వడగట్టడం, ఊరుకోవడం.

మంగళవారం మంగళవారం విరూపాక్షంగారు ఎక్కేవారు.
కాలేజీలో నలభై ఏళ్ళు
కొండ మీద పొగ చూపించి
నిప్పుందని ఒప్పించిన మనిషి.
ఇప్పుడాయన కడుపులో నిప్పు లేదు.
రెండిడ్లీలు తింటే రాత్రి దాకా రాళ్ళే.

"నా జఠరాగ్నిని నువ్వు చూశావటోయ్?"
"అరుగుదల చూసి అగ్నిని ఊహిస్తాను.
నీ పొగే, నీ కొండే.
నీ దగ్గర అప్పు తెచ్చుకున్న దీపంతోనే
మేం చీకటి కడుపుల్లోకి దిగేది."
"అప్పు కాదు, దొంగతనం!"
"సరే, దొంగతనం. నాలుక చాపు."

సాంఖ్యుల ఇంటి నుంచి
ఇరవై నాలుగు తత్త్వాలూ మోసుకొచ్చారట.
ఊరికే చూస్తూ కూర్చునే పురుషుణ్ణి మాత్రం
ఖాళీగా ఉండనివ్వక
ఎముకలతో, దగ్గుతో, దిగుళ్ళతో కలిపి కట్టి
మంచం మీద పడుకోబెట్టారట.
వైశేషికుల మాట ఒక్కటి నా కల్వానికి చుట్టం:
సమానం సమానాన్ని పెంచుతుంది, వేరైనది తగ్గిస్తుంది.
ఎండిన ఒంటికి నెయ్యి, బరువెక్కిన ఒంటికి తేనె.
మా అమ్మకీ తెలుసు ఈ లెక్క,
పదార్థాల పేర్లే తెలియవు.

కషాయం చేదుగా ఉన్న రోజున
ఆయన వేదాంతం ఎత్తుకునేవారు.
"ఈ దేహం నేను కాదయ్యా."
"కాకపో. అద్దె ఇల్లు కారుతుంటే
ఓనరుకి ఫోన్ చెయ్యవూ?"

మొన్న శ్రావణంలో
మార్తాండయ్యగారు ఆ మణికట్టు పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
కింద బనశంకరి బస్సు పోయింది. ఇంకోటీ పోయింది.
"ఏం, పాము నడకా? కప్ప గంతా? హంసా?"
"ఏమీ లేదు."
"పోయానా ఏమిటి?"
"నువ్వు కాదు. నా వేళ్ళు."

పదిహేనేళ్ళ చక్కెర.
కొసల నుంచి తిమ్మిరి పైకి పాకింది.
కాగే నూనెగిన్నె పట్టుకుని
వదలడం మరిచిన రోజే నేను ఊహించాను.
పొగ చూశాను. నిప్పని పైకి అనలేదు.

"ఓబులమ్మా, చెయ్యి కడుక్కుని రా."
శొంఠి ఘాటు పోయినంత కడిగాను.
విరూపాక్షంగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.
"ప్రత్యక్షం పోతే ఆప్తవాక్యం, ఒప్పుకుంటాను.
రజస్సూ తమస్సూ వదిలినవాళ్ళు ఆప్తులు.
ఈమె..."

రజస్సు ఉంది సామీ, రెండు నెలల జీతం బాకీ.
తమస్సూ ఉంది, మధ్యాహ్నం కునుకు తీస్తాను.
అబద్ధం మాత్రం చెప్పను.
చెబితే మందు తప్పుతుంది.
మందు తప్పితే
ఆ మెట్లు మళ్ళీ మీరే ఎక్కాలి.

ఆయన నవ్వలేదు.
వాదంలో ఎక్కడో దొరికిపోయినవాడిలా చూసి
మణికట్టు ఇచ్చారు.
చల్లగా ఉంది. అంత సన్నటిదని
ఇన్నేళ్ళ గొంతు వింటే తెలియలేదు.

"ఏం తెలుస్తోంది?"
నాకు పాములూ హంసలూ రాలేదు.
"ఎండిన ఏట్లో చెలమ తవ్వేటప్పుడు
నీళ్ళు కనబడక ముందు
ఇసుక ఒకసారి మెత్తబడుతుంది చూడండి,
అలా ఉంది, మూడో వేలి కింద."

మార్తాండయ్యగారు కళ్ళు మూసుకున్నారు.
ఆ ఏరు ఆయన ఎప్పుడూ చూడలేదు.
జీలకర్ర అన్నారు. ఇంగువ అన్నారు.
ఆగి, పాత నెయ్యి కూడా అన్నారు.

"ఇది ఏ ప్రమాణం మార్తాండా?"
"మావాళ్ళు యుక్తి అని పేరు పెట్టుకున్నారు.
మీ లెక్కలో ఇమడదని మీరు కొట్టేశారు."
విరూపాక్షంగారు కొట్టెయ్యలేదు ఈసారి.
పొట్లం జేబులో పెట్టుకుని దిగారు.

పదకొండో మెట్టు మూలిగింది.
"ఎడమ మోకాలు," అన్నాను.
మార్తాండయ్యగారు రాసుకున్నారు.